బోర్డు మీద లేని రేటు

(విస్కాన్సిన్‌లో ఒక సరస్సు పక్కన, ఇల్లులా అమర్చుకున్న ఆర్వీ బండ్లలో తిరిగేవాళ్ళు రాత్రికి ఆగే బ్లూ లాంతర్ ఆర్వీ క్లబ్ వారి క్యాంపు ఆఫీసు. జూన్‌లో ఒక గురువారం సాయంత్రం ఎనిమిది గంటలు, పొద్దు గుంకబోతోంది. కౌంటర్ వెనక ఒక కాలేజీ అమ్మాయి, ముందు ఒక పెద్దావిడ.)

"అది కాదమ్మా, తగ్గించమనట్లేదు. పెంచమంటున్నాను."

"పెంచాలా?"

"పెంచాలి."

"సారీ ఆంటీ, నా తెలుగు కొంచెం వీక్. పెంచడం అంటే ఎక్కువ చెయ్యడమే కదా?"

"అదే. మీ రేటు యాభై ఎనిమిది కదా? మా ఆయన వచ్చి అడిగితే ఎక్కువ చెప్పు. ఎనభై చెప్పు."

"కానీ ఫిఫ్టీ ఎయిట్ ఆల్రెడీ మెంబర్స్ డిస్కౌంట్ ఆంటీ. అదిగో, బోర్డు మీద చూడండి. క్లబ్ మెంబర్ కాకపోతే సెవెంటీ టూ. మీకు ఫోర్టీన్ డాలర్స్ తక్కువ."

"బోర్డు మీద రాసినదాన్ని ఆయన డిస్కౌంట్ అనడు. రేటు అంటాడు. అందరికీ ఇచ్చేది డిస్కౌంట్ ఎలా అవుతుంది అంటాడు. మనం నోరు తెరిచి అడగాలి, అవతలివాడు మొహం మాడ్చుకుని తగ్గించాలి. అదీ ఆయన లెక్కలో డిస్కౌంట్."

"సీనియర్స్‌కి టెన్ పర్సెంట్ కూడా ఉంది. కానీ మెంబర్ డిస్కౌంట్‌తో కలపకూడదు. సండే నుంచి థర్స్‌డే దాకా మూడు నైట్స్ ఉంటే ఇంకో ఆఫర్ ఉంది. కానీ అది సరస్సు పక్కన సైట్స్‌కి లేదు. వెనక సైట్స్‌కి ఉంది, కానీ వెనక సైట్స్ జూన్‌లో క్లోజ్డ్."

"ఇవేవీ ఆయన దగ్గర ఎత్తకు తల్లీ. మహా ఇష్టంగా వింటాడు. తెల్లారిపోతుంది."

"అంకుల్ ఎక్కడ ఉంది?"

"ఉన్నారు అనాలి."

"ఉన్నారు. సారీ."

"సారీ ఎందుకు, నేనేదో పెద్ద... బయటే ఉన్నాడు. బండి చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూస్తున్నాడు. ప్రతిచోటా ఇంతే. నువ్వెళ్ళి కనుక్కురా అని ముందు నన్ను తోస్తాడు. తర్వాత వచ్చి బేరం పెడతాడు. కుదరకపోతే బండి తిప్పేస్తాడు. పొద్దున్న అరోరాలో మా ఇంటి దగ్గర బయల్దేరాం. ఇప్పటికి రెండు క్యాంపులు తిప్పాడు."

"రెండు ప్లేసెస్‌లో ఇవ్వలేదా డిస్కౌంట్?"

"ఏమో. నేను వెనక్కి తిరిగేలోపే ఏదో మాట్లాడుకున్నారు. బయటికొచ్చి ‘వీడితో లాభం లేదు, పద’ అన్నాడు. నేను చెప్పబోతే విననే వినడు. అసలు నేను నోరు తెరిచేలోపు సగం ఆయనే చెప్పేస్తాడు."

"ఇక్కడ కూడా వద్దంటే నెక్స్ట్ క్యాంప్ సెవెంటీ మైల్స్ ఆంటీ."

"అందుకేగా నీ కాళ్ళ మీద పడుతున్నాను. ఆయన కళ్ళకి ఆపరేషన్ అయి నెల కాలేదు. చీకటి పడ్డాక ఎదురొచ్చే లైట్లు పువ్వుల్లా విచ్చుకుని కనిపిస్తున్నాయట, నాతో కాదు, డాక్టర్‌తో అంటుంటే విన్నాను. ముప్ఫై అడుగుల బండి. నాకు భయంగా ఉందమ్మా. ఈ రాత్రికి ఇక్కడ ఆగాలి, అంతే. నాకు డిస్కౌంటూ వద్దు, పాడూ వద్దు."

"కానీ ఎనభై అని నేను చెప్పలేను. అది లై కదా. నేను ఫిలాసఫీ మేజర్."

"ఫిలాసఫీయా! ఇంట్లో తెలుసా?"

"అమ్మకి తెలుసు. నాన్నకి ఎకనామిక్స్ అని తెలుసు."

"అయితే నువ్వు అబద్ధం అసలు చెప్పవు."

"అది వేరే ఆంటీ."

"వేరే కాదు. ఇదీ అంతే. చూడు, మీ రేట్లలో ఎక్కడా ఎనభై లేదా? పండగలకీ వాటికీ?"

"సెవెంటీ నైన్ ఉంది. వీకెండ్ రేట్. రేపటి నుంచి. మెంబర్స్‌కి కూడా అంతే."

"ఇంకేం! డెబ్భై తొమ్మిది అని మా దగ్గర ఒక రేటు ఉంది, అను. ఉందా లేదా?"

"ఉంది."

"మరి?"

"టెక్నికల్లీ... ఉంది. కానీ రిసీట్ మీద ఫిఫ్టీ ఎయిట్ మాత్రమే వస్తుంది. కంప్యూటర్ మార్చనివ్వదు."

"రావాల్సిందే. అదేగా ఆయన గెలిచేది. సరే, ఒకసారి చేసి చూద్దాం. నేను ఆయన్ని. నువ్వు నువ్వే. లోపలికి రాగానే తల మీది... తల మీద పెట్టుకుంటారే, అది తీసి కౌంటర్ మీద పెడతాడు. హ్యాట్. దాన్ని మనం... చూడు, నోట్లోనే ఉంది."

"టోపీ?"

"టోపీ! ఆఁ, టోపీ. టోపీ కౌంటర్ మీదకి వచ్చిందంటే బేరం మొదలైనట్టు."

"ఆంటీ, నాకోసం ఇంగ్లీష్ వర్డ్స్ వెయ్యక్కర్లేదు. నాకు తెలుగు అర్థమవుతుంది. మాట్లాడితేనే మిస్టేక్స్."

"నీకోసమే అనుకో. టోపీ పెట్టి, ఎంత అంటాడు. నువ్వు డెబ్భై తొమ్మిది అంటావు."

"అంటాను."

"మెంబర్లకా అంటాడు. నువ్వు ఏమీ అనకు. నిట్టూర్చు."

"అంటే?"

"ఇలా. హుఁ..."

"హుఁ."

"అంత తేలిగ్గా కాదు. ఏసీ పాడైనట్టు నిట్టూర్చాలి. ఆఁ, అలా. తర్వాత మేనేజర్‌ని అడిగొస్తానని ఆ వెనక గదిలోకి వెళ్ళు."

"మేనేజర్ ఫిషింగ్‌కి వెళ్ళాడు."

"గదిలో లేకపోతే ఏం, నువ్వు వెళ్ళు. ముప్ఫై దాకా లెక్కపెట్టుకుని రా. వచ్చి అరవై ఐదు అను. ఆయన కుదరదంటాడు. టోపీ పెట్టుకుంటాడు. తలుపు వైపు ఒక స్టెప్ వేస్తాడు. ఒకటే. రెండోది వేశాడంటే నిజంగా పోతున్నట్టు. ఒక... కాలు ముందుకి వేస్తామే, స్టెప్..."

"అడుగు?"

"అడుగు. ఒక అడుగు. మొదటి అడుగుకీ రెండో అడుగుకీ మధ్యలో యాభై ఎనిమిది అనాలి నువ్వు. తొందరపడకు. ఆలస్యం చెయ్యకు."

"ఆంటీ, ఇది నా ఎస్.ఏ.టీ. ఎగ్జామ్ కన్నా కష్టంగా ఉంది."

"ఊరికే చెయ్యమనట్లేదులే. మా బండిలో సీసాడు... పప్పు వేయించి, ఎండుమిరపకాయలు వేసి దంచుతామే, అన్నంలో నెయ్యి వేసుకుని కలుపుకుంటే... పచ్చడి కాదు..."

"కందిపొడి?"

"కందిపొడి! నీకెలా తెలుసే?"

"అమ్మ చేస్తుంది. కాలేజీ డార్మ్‌లో ఎయిట్ వీక్స్ అయిపోయింది అది అయిపోయి."

"ఇస్తాను, మొత్తం సీసా ఇస్తాను. కందిపొడి."

"అది బ్రైబ్ కదా ఆంటీ?"

"పెద్దవాళ్ళు పిల్లలకి పెట్టేది బ్రైబ్ అవదు. ఏ ఊరమ్మా మీది?"

"నేపర్‌విల్. మీ పక్కనే. సమ్మర్‌కి ఇక్కడ జాబ్. రోజూ నలుగురితో మాట్లాడతాను. ముగ్గురు బాత్‌రూమ్ ఎక్కడ అని అడుగుతారు."

"నాలుగోవాళ్ళు?"

"రేటు ఎందుకు ఇంత ఎక్కువ అంటారు. ఆంటీ, ఫారం మీద నేమ్ రాయాలి. అంకుల్ పేరు చెప్పండి."

"ఆయన పేరా?"

"ఆఁ."

"ఆయన పేరు... కార్డు మీద ఉంటుందిగా. చూసి రాసుకో."

"కార్డు ఇవ్వండి."

"ఆయన జేబులో ఉంది."

"పర్లేదు, నేను టైప్ చేస్తా. చెప్పండి."

"వచ్చాక ఆయన్నే అడుగు. పేరుదేముంది ఇప్పుడు."

"ఓ! ఓ గాడ్, మీరు పేరు చెప్పకూడదా? మా అమ్మమ్మ కూడా తాతయ్య పేరు చెప్పదు! పేపర్ మీద రాసి చూపిస్తుంది. సో క్యూట్ ఆంటీ."

"అదే. అదే అనుకో. ఖాళీగా వదిలెయ్యి. ఇంతకీ ఎక్కడున్నాం? నిట్టూర్పు అయిందా?"

"అయింది. అడుగు కూడా అయింది. ఆంటీ, అంకుల్ వస్తోంది. వస్తున్నారు."

"నేను నీకు తెలియదు. ఇప్పుడే వచ్చాను."

"నమస్కారం అమ్మా. ఈ టోపీ ఇక్కడ పెట్టుకోవచ్చా?"

"పెట్టండి అంకుల్. సెవెంటీ నైన్."

"నేనింకా అడగలేదు."

"సారీ. అడగండి."

"కరెంటూ నీళ్ళూ ఉన్న సైటు, ఒక రాత్రికి ఎంత?"

"సెవెంటీ నైన్ అని మా దగ్గర ఒక రేట్ ఉంది."

"మెంబర్లకేనా?"

"హుఁ..."

"ఒంట్లో బాగుందా అమ్మా?"

"బాగుంది అంకుల్. నేను నిట్... ఏం లేదు."

"డెబ్భై తొమ్మిది చాలా ఎక్కువ. సరోజా, ఎక్కువ కాదూ?"

"ఎక్కువే. నువ్వే మాట్లాడు."

"నాకు గొంతు పట్టేసింది పొద్దుట్నుంచీ. నువ్వు చెప్పు. మనకి ఏమేం అక్కర్లేదో చెప్పు. అక్కర్లేనివాటికి డబ్బులెందుకు ఇవ్వాలి?"

"నేనా? ఇవాళేంటి, నన్ను చెప్పమంటున్నావు?"

"గొంతమ్మా. గొంతు."

"సరే. చూడమ్మాయ్, మాకు టీవీ కనెక్షన్ అక్కర్లేదు. మంట వేసుకోం, కాబట్టి... ఇవి అక్కర్లేదు, పొయ్యిలో పెట్టేవి... కట్టెలు. కట్టెలు అక్కర్లేదు. కుక్క లేదు."

"కుక్క లేదు. రాసుకో అమ్మా."

"కుక్కకి చార్జ్ లేదు అంకుల్."

"అయినా రాసుకో. ఇంకా చెప్పు సరోజా."

"ఇంకా, మురుగునీళ్ళు పోవడానికి పెడతారే... పొడుగ్గా ఉంటుంది... అది కూడా అక్కర్లేదు."

"సూయర్ హోసా ఆంటీ?"

"నువ్వుండమ్మా. ఆవిడ చెప్తుంది."

"సారీ అంకుల్."

"ఇంగ్లీష్‌లో నాకూ వచ్చు. అది కాదు. పొడుగ్గా, లోపల బోలుగా... నువ్వు చెప్పవేం ఇవాళ?"

"గొంతు."

"గొ... గొట్టం! గొట్టం. మురుగు గొట్టం. అది అక్కర్లేదు మాకు. నిన్ననే ట్యాంకు ఖాళీ చేశాం."

"విన్నావా అమ్మా? గొట్టం అక్కర్లేదు. ఎంత తగ్గుతుంది?"

"మేనేజర్‌ని అడిగి వస్తా... వచ్చాను."

"అప్పుడేనా?"

"లోపల చిన్న రూమ్ అంకుల్. సిక్స్టీ ఫైవ్."

"కుదరదు. సరోజా, నిన్నటి క్యాంపులో ఏమేం ఇచ్చారో చెప్పు."

"నిన్న మనం ఇంట్లోనే ఉన్నాం."

"పోయిన ఏడాది క్యాంపులో."

"పోయిన ఏడాది... పొద్దున్నే ఫలహారం పెట్టారు. పిల్లలకి ఊపే... తాళ్ళు కట్టి... ఉయ్యాల. ఉయ్యాలలున్నాయి. ఇవన్నీ ఎందుకు ఇప్పుడు? యాభై ఎనిమిదికి... అంటే, ఏదో ఒకదానికి ఒప్పేసుకో, చీకటి పడుతోంది."

"ఫలహారం, ఉయ్యాలలు. విన్నావుగా. అవేవీ లేకుండా అరవై ఐదా?"

"అంకుల్, మీరు టోపీ పెట్టుకోరా?"

"పెట్టుకోవాలా?"

"పెట్టుకుని డోర్ వైపు ఒక అడుగు వేస్తారేమో అని."

"ఇదిగో, పెట్టుకున్నాను. ఇదిగో, వేశాను."

"ఫిఫ్టీ ఎయిట్!"

"చూశావా సరోజా? అడగబట్టి."

"చూశానులే. ఇరవయ్యొక్క డాలర్లు. నీ బేరమే బేరం. ఏ సైటమ్మా?"

"ట్వంటీ టూ ఆంటీ. సరస్సు పక్కన. రైట్‌కి తిరిగితే థర్డ్."

"నేను వెళ్ళి చూస్తాను, నేల చదునుగా ఉందో లేదో. వస్తూ ఆ సీసా తెస్తాను నీకు. కందిపొడి. నువ్వు డబ్బులు కట్టి రా, ఇదిగో. పెద్ద మలుపది, వెనక చూసుకుని తిప్పు."

"అలాగే... వెళ్ళిందా?"

"వెళ్ళారు అంకుల్."

"ఎంతసేపు మాట్లాడింది నీతో?"

"అంకుల్, ఐ యామ్ సో సారీ. ఆంటీ తప్పు కాదు. ఫిఫ్టీ ఎయిటే అసలు రేట్. మీరు నైట్ డ్రైవ్ చేస్తారని ఆంటీకి భయం, అందుకే నేను..."

"రేటు నాకు తెలుసు. బోర్డు మీద ఉందిగా, ఇంత అక్షరాలతో. ఎంతసేపు మాట్లాడింది?"

"ట్వంటీ మినిట్స్. మీరు వచ్చాక ఇంకో టెన్."

"తెలుగులోనే?"

"మోస్ట్‌లీ."

"ఏమేం మాటలు వచ్చాయి?"

"అంటే?"

"వస్తువుల పేర్లమ్మా. ఏవి వెతుక్కుంది, ఏవి దొరికాయి?"

"టోపీ. నేను చెప్పాను. అడుగు కూడా. కందిపొడి... అది కూడా నేనే. కానీ ఇప్పుడు వెళ్తూ తనే అంది కదా."

"అంది. విన్నాను. మొన్న టోపీ అనలేక గంటసేపు అలిగి కూర్చుంది."

"నాకు అర్థం కావట్లేదు అంకుల్."

"సరోజకి నవంబర్‌లో స్ట్రోక్ వచ్చింది. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. మాట పోయింది. ఇంగ్లీష్ నెల రోజుల్లో వచ్చేసింది, వెధవ ఇంగ్లీష్. తెలుగు మాత్రం వాక్యం వస్తుంది, మధ్యలో పేరు రాదు. స్పీచ్ థెరపిస్ట్ గంటకి నూట తొంభై. మంచిదే, కానీ పాపం ఆవిడకి తెలుగు రాదు. తెలుగొచ్చిన స్నేహితుల ముందు తడబడితే సరోజకి నామోషీ. గుడికి రాదు, ఫోన్ ఎత్తదు. పిల్లల డాక్టరమ్మా సరోజ. ముప్ఫై ఏళ్ళు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వాగుతూనే ఉండేది."

"మీతో మాట్లాడొచ్చు కదా?"

"నాకు ఓపిక లేదు. ఆవిడ వెతుక్కునేలోపు నేను అందించేస్తాను. అందించకూడదని తెలుసు. అందించేస్తాను."

"ఇందాక గొట్టం చెప్పలేదు మీరు."

"ఆ గొట్టం అనేదాకా నోరు మూసుకోవడం కన్నా ముప్ఫై అడుగుల బండి వెనక్కి నడపడం నయం."

"మరి ఆ రెండు క్యాంప్స్‌లో డిస్కౌంట్ ఇవ్వలేదని..."

"ఇచ్చారు. మొదటివాడు అడక్కుండానే ఇరవై తగ్గించాడు. రెండోవాడు ఇంకో రాత్రి ఉచితం అన్నాడు. ఏం చేసుకోను? అంతా ఇంగ్లీషే, రెండు నిమిషాల్లో తేలిపోయింది. నేరుగా ఇక్కడికే వస్తే సరోజకి అనుమానం వస్తుందని అక్కడ ఆగాను, అంతే. నిన్న ఇక్కడికి ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ‘దిస్ ఈజ్ హంసిక’ అంది. తెలుగొచ్చా అని అడిగాను. కొంచెం కొంచెం అంది."

"మీరా అది? నేను ప్రాంక్ కాల్ అనుకున్నాను!"

"నీ కొంచెం తెలుగు కోసం రెండొందల మైళ్ళు వచ్చాను. అరగంట మాట్లాడించావు. కరెంటూ నీళ్ళూ కలిపి యాభై ఎనిమిది. నా జీవితంలో ఇంత చవకగా ఏదీ దొరకలేదు."

"అంకుల్... ఫారం మీద పేరు రాయాలి. మీ పేరు ఆంటీ చెప్పలేదు. ఆచారం కదా. మా అమ్మమ్మ లాగే."

"ఆచారమా? సరోజకా? మెడికల్ కాలేజీలో ఆవిడ నాకు ఒక ఏడాది సీనియర్. నలభై నాలుగేళ్ళు నన్ను ‘మూర్తీ’ అనే పిలిచింది. పెళ్ళిపీటల మీద కూడా. మా అమ్మ అది విని రెండు రోజులు అన్నం మానేసింది. నవంబర్ నుంచి ‘ఇదిగో’ అంటోంది."

"నేను... నేను క్యూట్ అన్నాను అంకుల్."

"పర్లేదమ్మా, నీకేం తెలుసు."

"రాస్తాను. మూర్తి. ఫుల్ నేమ్?"

"దక్షిణామూర్తి. వద్దు, ఉండు, రాయకు. ఖాళీగానే వదిలెయ్యి. రేపు కూడా ఉంటాం. రేటెంత?"

"రేపు ఫ్రైడే. నిజంగానే సెవెంటీ నైన్. కానీ మేనేజర్ ఫిషింగ్ నుంచి వచ్చాక నేను అడుగుతాను. నిజంగా అడిగి తగ్గిస్తాను అంకుల్, ప్రామిస్."

"పొద్దున్న సరోజని పంపిస్తాను. నువ్వు మళ్ళీ నా పేరు అడుగు. చెప్పేదాకా ఒక్క డాలరు కూడా తగ్గించకు."